రక్త క్యాన్సర్లకు వైద్యం, పరిశోధన రెండూ ఒకే డాక్టరు చేయగలరా? పర్లాకిమిడి హెమటాలజిస్టు జవాబు

ప్రశ్న: మాది ఒడిశాలోని గుణుపురం. బరంపురంలో ఎంబీబీఎస్ మూడో ఏడు. లుకేమియా (రక్త క్యాన్సర్) రోగులను చూస్తూనే ఆ జబ్బు మీద పరిశోధన చేయాలని నా కోరిక. సీనియర్లేమో ఏదో ఒకటే ఎంచుకో, రెండు పడవల మీద కాళ్ళు పెట్టకు అంటున్నారు. మన దేశంలో ఇలాంటి కెరీర్ కుదురుతుందా? చివరికి మన వైపే వచ్చి పనిచేయొచ్చా?

జవాబు: కుదురుతుంది. మీ సీనియర్లు ఉత్తినే భయపెట్టడం లేదు కూడా. ఎందుకో కింద చెబుతాను.

నాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. చదువు కోసం దక్షిణాదికి వెళ్ళి, హెమటాలజీలో (రక్త వ్యాధుల వైద్యం) డీఎం అనే సూపర్ స్పెషాలిటీ డిగ్రీ చేసి, కొన్నాళ్ళు ల్యాబ్‌లోనూ పనిచేసి తిరిగొచ్చాను. ఇప్పుడు బరంపురంలో ఉంటూ నెలకోసారి రాయగడలో ఓపీ చూస్తాను. అక్కడికి వచ్చేవాళ్ళలో మనవాళ్ళు, ఒడియావాళ్ళు, కొండల మీద నుంచి దిగే కుయి మాట్లాడేవాళ్ళు, అందరూ ఉంటారు.

జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు వింటే తెలుగువాళ్ళకు ఛాతీ ఉప్పొంగుతుంది. అయితే ఆ కథ సగమే చెప్పుకుంటాం. ఫోలిక్ ఆమ్లం పనికి అడ్డుపడే అమినోప్టెరిన్ అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో ఆయన బృందం చేతుల్లో తయారైంది. దాన్ని బోస్టన్‌లో లుకేమియా పిల్లలకు ఇచ్చి చూసింది సిడ్నీ ఫార్బర్. ఫోలిక్ ఆమ్లం లాంటి పదార్థాలు ఇచ్చిన పిల్లల్లో జబ్బు ఇంకా ముదురుతోందని ఆయన అంతకు ముందే గమనించారు. పెంచేది ఇదైతే, దీన్ని అడ్డుకునేది తగ్గించాలి కదా! 1948 జూన్‌లో వచ్చిన పేపరులో 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం పాటు జబ్బు వెనక్కి తగ్గింది. ఫార్బర్ పాథాలజిస్టు. స్లైడ్లు చూసే మనిషి వార్డులోకి కూడా వచ్చాడు కాబట్టే ఆ ప్రశ్న పుట్టిందని నా నమ్మకం.

మన దేశంలోనూ ఇలాంటి పని జరిగింది. ప్రోమైలోసైటిక్ లుకేమియా అనే రకంలో ఖరీదైన వైద్యం భరించలేని రోగులకు వెల్లూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) వైద్యులు ఆర్సెనిక్ ట్రయాక్సైడ్ ఒక్కటే ఇచ్చి, వాళ్ళను ఏళ్ళ తరబడి గమనించారు. చాలామందిలో జబ్బు మళ్ళీ రాలేదు. ప్రపంచమంతా చదివిన ఆ పని పేదరికం అడిగిన ప్రశ్నలోంచే వచ్చింది. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి అభివృద్ధి చేసిన కార్-టీ కణ చికిత్సకు (రోగి సొంత రోగనిరోధక కణాలనే మార్చి క్యాన్సర్ మీదికి వదిలే పద్ధతి) 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. 2024 ఏప్రిల్‌లో దాన్ని ప్రారంభించింది మన ఒడిశా బిడ్డ, రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు.

ఇక మన వైపు సంగతి. ఇక్కడ కడుపులో బల్ల (ప్లీహం) పెరిగిందంటే ముందు మలేరియా అంటారు, కాదంటే సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు. తప్పు పట్టలేం, రెండూ ఇక్కడ ఎక్కువే. పైగా మన దేశంలో కనబడే రకం సికిల్ సెల్‌లో పెద్దయ్యాక కూడా ప్లీహం పెద్దగానే ఉండిపోవచ్చు. వీళ్ళ మధ్యలోనే సీఎంఎల్ (క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, నెమ్మదిగా ముదిరే రక్త క్యాన్సర్) రోగి కూడా నిశ్శబ్దంగా తిరుగుతుంటాడు. కొరాపుట్ వైపు ఒకాయనకు ఒక చిన్న ఆసుపత్రిలో మళ్ళీ మళ్ళీ మలేరియా కోర్సులే ఇచ్చారు. సీబీసీ (రక్తకణాల లెక్క) చేయిస్తే తెల్లకణాలు రెండు లక్షలు దాటి ఉన్నాయి. ఆ పరీక్షకు పెద్ద ఖర్చేమీ లేదు, చేయించాలన్న ఆలోచన రావాలంతే.

సీఎంఎల్ గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే నా పరిశోధనంతా అక్కడే తిరిగింది. 1960లో నోవెల్, హంగర్‌ఫోర్డ్ ఈ రోగుల కణాల్లో కురచగా ఉన్న ఒక క్రోమోజోమ్‌ను చూశారు. 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారు కావడం వల్లే అది కురచబడిందని 1973లో జానెట్ రౌలీ తేల్చారు. ఆ తారుమారు వల్ల పుట్టే బీసీఆర్-ఏబీఎల్ అనే ప్రోటీన్‌ను ఆపే ఇమాటినిబ్‌కు 2001లో అమెరికాలో అనుమతి దొరికింది. దాని పేటెంట్ కేసులో 2013 ఏప్రిల్ 1న మన సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, మన కంపెనీలు చవకగా తయారుచేసే మాత్రలకు ఢోకా లేకుండా పోయింది. ఒకప్పుడు ప్రాణం తీసిన జబ్బు ఇప్పుడు రోజూ మాత్ర వేసుకుంటే చాలామందిలో అదుపులో ఉంటుంది.

మరి మాత్ర ఉన్నా కొందరిలో బీసీఆర్-ఏబీఎల్ మళ్ళీ ఎందుకు పెరుగుతుంది? పుస్తకం చదివినవాళ్ళు వెంటనే మ్యుటేషన్ (జన్యువులో మార్పు) అంటారు. టీ315ఐ లాంటి మార్పు వస్తే ఇమాటినిబ్ పనిచేయదు, నిజమే. నా దగ్గరికి వచ్చిన ఒక గంజాం కుర్రాడికి ఇలాగే పెరిగింది. మ్యుటేషన్ పరీక్షకు రక్తం పంపే ముందు, మాత్రలు రోజూ వేసుకుంటున్నావా అని అడిగాను. సూరత్‌లో మరమగ్గాల మీద పనిచేస్తున్నాడట. "మాత్రలు ఇక్కడ ఇస్తారు, పని అక్కడుంది బాబూ" అన్నాడు. నెలకు సరిపడా మాత్రలే ఇస్తారు. అవి అయిపోయాక మళ్ళీ ఊరు వచ్చేదాకా ఖాళీ.

లండన్‌లోని హ్యామర్‌స్మిత్ ఆసుపత్రి వైద్యులు 2010లో ఇదే విషయాన్ని సీసా మూతలో చిప్ పెట్టి కొలిచారు. మాత్రలు తరచూ మానేసినవాళ్ళలో జబ్బు లోతుగా తగ్గడం చాలా అరుదని తేలింది. మా దగ్గర చిప్పులు లేవు. ఓపీకి రావడం మానేసిన వాళ్ళకు ఫోన్లు చేసి కారణాలు రాసుకున్నాం. వలస ఒకటి. బాగానే ఉన్నాను కదా, ఇంకెందుకు అనుకోవడం ఇంకొకటి. మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతోందని డాక్టరుకు చెప్పడానికి మొహమాటపడి మానేసినవాళ్ళూ ఉన్నారు. ఒకావిడైతే జబ్బు సంగతి అత్తగారికి తెలిసిపోతుందని మాత్రలు పుట్టింట్లో దాచుకుని, అక్కడికి వెళ్ళినప్పుడే వేసుకునేది. అందులోంచి వచ్చిన పేపరు చిన్నది, దాన్ని చూసి ప్రపంచమేమీ ఊగిపోలేదు. మా ఓపీలో మాత్రం వలస వెళ్ళేవాళ్ళకు మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇప్పించే ఏర్పాటు చేయగలిగాం. మాలిక్యులర్ బయాలజీ తెలియకపోతే బీసీఆర్-ఏబీఎల్ రిపోర్టు చదవలేను. కుర్రాడి మాట వినకపోతే దాని అర్థం తెలియదు. నన్నడిగితే రెండూ ఒకే మనిషికి ఉండాలనేది ఇందుకే.

దారి సంగతి త్వరగా చెప్పేస్తాను. ఎంబీబీఎస్ ఐదున్నరేళ్ళు, ఎండీ మూడేళ్ళు (జనరల్ మెడిసిన్ లేదా పీడియాట్రిక్స్), తర్వాత క్లినికల్ హెమటాలజీలో డీఎం మూడేళ్ళు. మధ్యలో నీట్ పీజీ, నీట్ ఎస్‌ఎస్ ప్రవేశ పరీక్షల టెన్షన్ ఎలాగూ తప్పదు. పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. పేరు వెనుక అక్షరాల కోసమైతే అసలే వద్దు. ల్యాబ్ పద్ధతి ఒకటైనా చేత్తో నేర్చుకోవాలంటే మాత్రం డీఎం తర్వాత ఒకటి రెండేళ్ళు మంచి గైడ్ దగ్గర గడపండి. డాక్టర్లకు పరిశోధన ఫెలోషిప్‌లు ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), ఇండియా అలయన్స్ లాంటి సంస్థల్లో ఉన్నాయి. మంచి క్లినీషియన్ కాకముందే పరిశోధకుడైపోదామనుకునేవాళ్ళను చూస్తే నాకు కాస్త చిరాకు.

అసలు కష్టం సమయం. నేను మొదట చేరిన ఆసుపత్రిలో వారానికి రెండు రోజులు పరిశోధనకు అని మాట ఇచ్చారు. చేరాక ఆ రెండు రోజుల్లోనూ ఓపీ పెట్టారు. అడిగితే, రోగులు బయట కూర్చుని ఉంటే మీరు పేపర్లు రాసుకుంటారా అన్నారు. ఆ మాటకు జవాబు చెప్పడం చాలా కష్టం. ఉద్యోగంలో చేరేటప్పుడే ఆ రోజుల సంగతి కాగితం మీద రాయించుకోండి. జీతం కూడా పూర్తిగా ప్రైవేటు ప్రాక్టీసులో ఉన్న బ్యాచ్‌మేట్ల కన్నా తక్కువే ఉంటుంది. పెళ్ళిళ్ళలో బంధువులు ఇంకా చదువుతూనే ఉన్నావా అమ్మా అని అడుగుతారు. అలవాటైపోతుంది.

మన వైపు రావచ్చా అన్నారు. ఫ్లో సైటోమెట్రీ (కణాల రకాన్ని గుర్తించే పరీక్ష), మ్యుటేషన్ పరీక్షలు గుణుపురంలో పెట్టుకోలేం. శాంపిళ్ళు పెద్ద ఊళ్ళకు వెళ్ళాల్సిందే. మజ్జ మార్పిడి అవసరమైన రోగిని కటక్‌కో ఇంకా దూరానికో పంపాల్సిందే. చాలామంది రైలెక్కి విశాఖ వెళతారు, రాష్ట్రం దాటితే ఏ ఆరోగ్య కార్డు చెల్లుతుందో కనుక్కోవడమే వాళ్ళకు ఇంకో జబ్బు. కాబట్టి ఉద్యోగం పెద్ద కేంద్రంలో, ఓపీలో కొంత భాగం ఇక్కడ అన్న ఏర్పాటు నడుస్తుంది. నేను చేస్తున్నది అదే. మూడు భాషల్లో రోగితో మాట్లాడగలిగే హెమటాలజిస్టులు ఎంతమంది దొరుకుతారు చెప్పండి?

ఇప్పుడు మీరు చేయగలిగేవి రెండున్నాయి. మీ పాథాలజీ విభాగంలో రోజూ కాసేపు స్మియర్లు (గాజు పలక మీద పరిచిన రక్తపు చుక్కలు) చూడండి, బ్లాస్ట్ (ఎదగని రక్త) కణాన్ని మీ కళ్ళే పట్టుకునేదాకా. రెండోది, ఎంబీబీఎస్ విద్యార్థుల కోసం ఐసీఎంఆర్ ఇచ్చే షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్‌కు దరఖాస్తు పెట్టండి. రెండు నెలల ప్రాజెక్టు, గైడ్ మీ కాలేజీలోనే ఉండాలి. అంశం దొరక్కపోతే, బల్ల పెరిగి వచ్చిన రోగుల్లో మొదటి రోజే సీబీసీ, స్మియర్ ఎంతమందికి చేశారో మీ వార్డు కేసు షీట్లలో లెక్క తీయండి. ఎథిక్స్ కమిటీ అనుమతి మాత్రం ముందే తీసుకోండి, దానికే ఎక్కువ రోజులు పడుతుంది.