టెక్ సందేహాలు: గుడ్డు అడిగితే కోడి వచ్చింది!

సందేహం: రెండేళ్లుగా బ్యాంకాక్‌లో ఉద్యోగం చేస్తున్నాను. వయసు 42. మాంసం ముట్టను, గుడ్డు వరకు ఫర్వాలేదు. ఆరు నెలలుగా ఫోన్‌లో ఒక యాప్‌తో థాయ్ నేర్చుకుంటున్నాను. క్విజ్‌లలో నూటికి తొంభై దాటుతున్నాయి. తీరా వీధి బండి దగ్గర గుడ్డు అడిగితే చికెన్ వేసిచ్చారు. మాటలన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లో నోట్సు రాసుకున్నాను. గొంతు ఎత్తీ దించీ పలికే ఈ స్వరాలు మాత్రం నాకు పట్టుబడేలా లేవు. ఇంకేదైనా మంచి యాప్ చెప్తారా?

జవాబు: యాప్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకున్న ఆ నోట్సు పక్కన పడేయండి. మీరు స్వరాన్ని తిడుతున్నారు గానీ ఇక్కడ దాని తప్పేం లేదు. థాయ్‌లో గుడ్డు ‘ఖై’, కోడి ‘కై’. రెండూ పలికేది ఒకే కింది స్వరంలో. తేడా అంతా ఒత్తులోనే ఉంది. మనం రాసేది ‘ఖర్చు’, అనేది ‘కర్చు’. ఆ అలవాటే బండి దగ్గర మీ కొంప ముంచింది! అరచేయి నోటికి అడ్డం పెట్టుకుని రెండు మాటలూ పలకండి. ‘ఖై’ అన్నప్పుడు గాలి చేతికి తగలాలి, ‘కై’ అన్నప్పుడు తగలకూడదు.

అందుకే నోట్సు తెలుగులో రాసుకోమంటాను. క, ఖ తేడా మన లిపిలో ఉంది. ఎ, ఏ, ఒ, ఓ తేడా కూడా ఉంది. థాయ్‌కి ఇవన్నీ కావాలి. అక్కడి బోర్డుల మీది ఇంగ్లిష్ స్పెల్లింగులు అచ్చు పొడుగునూ చెప్పవు, స్వరాన్నీ చెప్పవు. మన లిపిలో లేనివాటిలో ముఖ్యమైనది స్వరం. థాయ్‌లో స్వరాలు అయిదు: సమం, కింది, దిగే, పై, ఎక్కే. ప్రతి మాట పక్కన 1 నుంచి 5 దాకా ఒక అంకె వేసుకుంటే సరిపోతుంది. ‘మా’ సమంగా అంటే రావడం, పై స్వరంలో గుర్రం, ఎక్కే స్వరంలో కుక్క. ‘క్లై’ సమంగా అంటే దూరం, దిగే స్వరంలో దగ్గర. ఆటో అతన్ని దారి అడిగేవాళ్లకు ఇది చిన్న విషయమేమీ కాదు.

ఇప్పుడు ఫోన్ తీయండి. గూగుల్ కీబోర్డ్ యాప్ జీబోర్డ్ సెట్టింగ్స్‌లో థాయ్ భాషను చేర్చి, మైక్ నొక్కి ఒక్కో మాటే పలకండి. వాక్యం మొత్తం చెప్తే పక్క మాటలను బట్టి అది ఊహించి సరిగ్గానే రాసేస్తుంది, మీ తప్పు మీకు తెలియనే తెలియదు. విడి మాటల్లో కూడా దాని తీర్పే ఆఖరు కాదు, కానీ పదిసార్లలో ఏడెనిమిది సార్లు కుక్కకు బదులు గుర్రం వస్తుంటే గొంతు సవరించుకోవాల్సిందే. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో స్పీకర్ గుర్తును రెండోసారి నొక్కితే అదే మాట నెమ్మదిగా వినిపిస్తుంది.

కంప్యూటర్ ఉంటే ఆంకీ వేసుకోండి, మాటలను కార్డుల మీద పెట్టి మళ్లీ మళ్లీ గుర్తుచేసే ప్రోగ్రామ్ అది, ఉచితం. కార్డు మీద థాయ్ మనిషి గొంతు ఉండాలి. ఆఫీసులో ఎవరినైనా అడిగితే లైన్ అనే చాట్ యాప్‌లో వాయిస్ మెసేజ్ పంపిస్తారు. ఆంకీలో షిఫ్ట్, వి కలిపి నొక్కితే మీ గొంతు రికార్డవుతుంది, వి ఒక్కటే నొక్కితే తిరిగి వినిపిస్తుంది. రెండూ పక్కపక్కన వినడం మొదటి వారం మహా ఇబ్బందిగా ఉంటుంది, మన గొంతు మనకే నచ్చదు కదా!

సంస్కృతం నుంచి వెళ్లిన మాటలు మనకు బోనస్. ఫోన్‌ను వాళ్లు ‘థోరసప్’ అంటారు, అంటే మన దూర శబ్దమే. గురువు ‘ఖ్రూ’ అయ్యాడు. మొదట్లో ఉండే గ, ద అక్కడ ఖ, థ అవుతాయని గుర్తుపెట్టుకుంటే ఇలాంటివి చాలా దొరుకుతాయి.

సందేహం: చియాంగ్ మైలో ఉంటున్నాను. అనువాద యాప్‌లో విన్నట్టే వాక్యం చివర ‘ఖ్రప్’ అంటే మా ఇంటి ఓనరమ్మ పడీపడీ నవ్వింది. ఎందుకండీ?

జవాబు: మీరు విన్నది మగ గొంతు అయ్యుంటుందమ్మా. అది మన ‘అండీ’ లాంటిదే, కాకపోతే మగవాళ్లు ‘ఖ్రప్’ అంటారు, ఆడవాళ్లు ‘ఖ’ అంటారు. మీరు ఎవరన్నది అనువాద యాప్‌కు తెలియదు కాబట్టి చివరి మాట మీరే మార్చుకోవాలి. మామూలు వాక్యమైతే ‘ఖ’ను దిగే స్వరంలో, ప్రశ్న అయితే పై స్వరంలో పలకండి.