కట్టు జారుతోందని బిగిస్తే పాదం వాచింది, ఎలా కట్టాలి?

ప్రశ్న: పది రోజుల కింద మా అత్తగారు (65 ఏళ్లు, షుగర్ ఉంది) వానలో స్కూటీ మీద నుంచి జారిపడ్డారు. ఎడమ కాలి పిక్క మీద అరచేయంత మేర చర్మం లేచిపోయింది. డాక్టర్ డ్రెస్సింగ్ చేసి, ఇంట్లో రోజు విడిచి రోజు మార్చమన్నారు. నేను గాజ్ పెట్టి బ్యాండేజ్ చుడితే సాయంత్రానికల్లా జారి చీలమండ దగ్గర ఉండలా చేరుతోంది. నిన్న గట్టిగా కడితే పాదం వాచింది, పిక్క మీద కట్టు అంచు గాడిలా పడింది. ఆవిడ మాత్రం నొప్పేమీ లేదంటున్నారు. ఎలా కట్టాలి? వచ్చే ఆదివారం లష్కర్ బోనాలకు బోనం ఎత్తుకుంటానని పట్టుబడుతున్నారు, పంపవచ్చా?
- ఒక పాఠకురాలు, మెట్టుగూడ

సమాధానం: ఆ కట్టు ఇంకా అలాగే ఉంటే ముందు విప్పేయండి, మిగతాది తర్వాత చదవచ్చు. పాదం వాచి, చర్మంలో గాడి పడినా నొప్పి లేదన్నారని నిశ్చింతగా ఉండకండి. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లలో చాలామందికి పాదాల్లో నరాలు మొద్దుబారతాయి. కట్టు బిగిస్తే మీరూ నేనూ అరగంటలో 'అబ్బా, విప్పు' అంటాం. ఆవిడకు ఆ బిగువు తెలియకపోవచ్చు. అందుకే ఆవిడ కట్టు బాగుందో లేదో ఆవిడను అడిగి ఊరుకోవద్దు, మీరే చూడాలి.

పాదం ఎందుకు వాచిందంటే, రక్తాన్ని పాదానికి తెచ్చే ధమనుల్లో ఒత్తిడి ఎక్కువ. తిరిగి పైకి తీసుకెళ్లే సిరల గోడలు పలచన, ఒత్తిడి తక్కువ. పిక్క ఒక్కచోటే బిగిస్తే ముందు సిరలు నొక్కుకుపోతాయి. రక్తం వస్తూనే ఉంటుంది, వెళ్లే దారి మూసుకుపోతుంది. మరి జారడం? పిక్క పైన లావు, కింద సన్నం. లావు చోట చుట్టిన గుడ్డ నడుస్తుంటే సన్నటి వైపు దిగుతుంది. ఎంత బిగించినా దిగుతుంది. కింద దానికో ఆధారం ఉండాలి, ఆ ఆధారం పాదమే.

పుండుకు తగిలే గాజ్ వేరు, పైన చుట్టే బ్యాండేజ్ వేరు. గాజ్ స్టెరైల్ ప్యాకెట్‌లోదే వాడాలి. చుట్టే రోల్ మామూలుగా స్టెరైల్ కాదు, అది నేరుగా పుండుకు తగలకూడదు. డ్రెస్సింగ్‌ను కదలకుండా పట్టుకోవడమే దాని పని. పెద్దవాళ్ల కాలికి 10 సెంటీమీటర్ల వెడల్పుది (షాపులో నాలుగు ఇంచులది అంటే ఇస్తారు) సరిపోతుంది, ఒకటి చాలకపోతే రెండు తెచ్చుకోండి. బెణుకులకు వాడే, సాగే క్రేప్ బ్యాండేజ్ వద్దు. షుగర్ ఉన్న కాలికి రక్త ప్రసరణ ఎలా ఉందో డాక్టర్ చూడకుండా అది కట్టడం ప్రమాదం.

పాత గాజ్ అతుక్కుంటే లాగకండి. నార్మల్ సెలైన్ పోసి ఐదు పది నిమిషాలు నాననిస్తే దానంతటదే వదులుతుంది. లాగితే కొత్తగా వచ్చిన చర్మం కూడా ఊడివస్తుంది. రోజూ ఇదే జరుగుతుంటే అతుక్కోని పారాఫిన్ గాజ్ గురించి మీ డాక్టర్‌ని అడగండి. పుండు మీద పసుపు, కాఫీ పొడి వద్దు. దూది కూడా పెట్టకండి, పోగులు అంటుకుంటాయి.

ఇక చుట్టడం. చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆవిడను కూర్చోబెట్టి, కాలు చాపించి, మడమ కింద స్టూలు పెట్టండి. పిక్క గాలిలో ఉంటుంది కాబట్టి మీ చెయ్యి కిందుగా దూరుతుంది. పాదం నిటారుగా, నిలబడినప్పుడు ఉన్నట్టే ఉండాలి. గాజ్ పుండు అంచులు దాటి అన్ని వైపులా రెండు మూడు సెంటీమీటర్లు రావాలి. రోల్‌ను చాప పరిచినట్టు కాలి మీదే దొర్లించండి, బెత్తెడు కంటే ఎక్కువ ఒకేసారి విప్పొద్దు. బారెడు విప్పి లాగితేనే బిగుసుకుంటుంది. నేను హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో రోల్ చేతి నుంచి జారి వార్డంతా దొర్లింది. పెద్ద సిస్టర్ దాన్ని చెత్తబుట్టలో వేసి కొత్తది చేతిలో పెట్టారు. నేల మీద పడింది మీరూ వాడకండి.

వేళ్లు వదిలేసి, పాదం మధ్యలో రెండు చుట్లు వేయండి. అక్కడి నుంచి పాదం పైన ఏటవాలుగా చీలమండ వెనక్కి తీసుకెళ్లి, ముందుకు తెచ్చి, మళ్లీ పాదం కిందికి. చీలమండ ముందు ఇంటూ గుర్తులా పడాలి. ఇలా రెండు మూడుసార్లు తిప్పితే ఇందాక చెప్పిన ఆధారం దొరికినట్టే. తర్వాత పైకి, పెంకుటింటి మీద పెంకులు పేర్చినట్టు, ప్రతి చుట్టూ కింది చుట్టును సగం కప్పుతూ వెళ్లండి. పిక్క లావెక్కే చోట బ్యాండేజ్ అంచు లేచి నోరు తెరుస్తుంది. అక్కడ దాన్ని లాగి సరిచేయాలనిపిస్తుంది, లాగొద్దు. పుండు లేని వైపు బొటనవేలు ఆనించి, చీర కుచ్చిళ్లు మడిచినట్టు బ్యాండేజ్‌ను కిందికి ఒక మడత తిప్పి చుట్టండి. ప్రతి చుట్టుకూ ఒక మడత. మొదటి రెండుసార్లు వంకరగా వస్తుంది, ఫరవాలేదు. మోకాలికి రెండు వేళ్ల కింద ఆపి, కొసను బ్యాండేజ్‌కే టేప్‌తో అంటించండి. ఈ వయసులో చర్మం పలచన, టేప్‌తో పాటు లేచి వస్తుంది. ముడి వేయాల్సి వస్తే పుండు మీదా ఎముక మీదా పడకుండా చూడండి.

పై అంచు కింద ఒక వేలు సులువుగా దూరాలి. కట్టిన అరగంటకు, పడుకునే ముందు, పొద్దున్నే ఒకసారి వేళ్లు చూడండి. కాలి బొటనవేలి గోరు ఐదు సెకన్లు నొక్కి వదిలితే, తెల్లబడింది రెండు మూడు సెకన్లలో గులాబీ రంగుకు రావాలి. ఆషాఢం కదా, గోళ్లకు గోరింటాకు ఉంటే రంగు తెలియదు. అప్పుడు వేలి కొస నొక్కి రెండో కాలితో పోల్చండి. వేళ్లు చల్లబడినా, నీలంగా, తెల్లగా మారినా, వాచినా వెంటనే కట్టు విప్పి కాలిని దిండు మీద ఆనించండి. పది నిమిషాల్లో రంగు తిరిగి రాకపోతే క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. ఆ కాలి పట్టీ, మెట్టెలు ఇప్పుడే తీసేయమనండి. ఆవిడ ఒప్పుకోకపోవచ్చు. వేలు వాచాక కట్టర్‌తో కోయడం కంటే సబ్బు నీళ్లతో ఇప్పుడు తీయడం సుఖమని చెప్పి చూడండి.

డ్రెస్సింగ్ తడిస్తే రేపటి దాకా ఆగకుండా అప్పుడే మార్చండి. పుండు చుట్టూ ఎరుపు పాకుతున్నా, చీము, వాసన, జ్వరం వచ్చినా, షుగర్ ఉన్నట్టుండి పెరిగినా అదే రోజు డాక్టర్‌కి చూపించాలి. రోడ్డు మీద తగిలిన దెబ్బ కాబట్టి, టీటీ వేయించుకుని ఐదేళ్లు దాటి ఉంటే, ఇప్పుడు వేశారో లేదో కనుక్కోండి. కట్టు మీకు కుదరడం లేదనిపిస్తే దగ్గరలోని బస్తీ దవాఖానాకు వెళ్లి నర్సు చేత ఒకసారి కట్టించుకోండి. మీరు పక్కన నిలబడి చూస్తే చాలావరకు చేతికి వచ్చేస్తుంది.

బోనం సంగతి. ఈసారి మీరు ఎత్తుకోండి. మొద్దుబారిన పాదాలతో, వాన బురదలో, ఆ జనంలో వట్టికాళ్లతో నడిస్తే మేకు గుచ్చుకున్నా ఆవిడకు తెలియకపోవచ్చు, పైగా కట్టు తడుస్తుంది. ఆవిడను ఇంట్లోనే కాలు ఎత్తుగా పెట్టుకుని కూర్చోమని, బోనం అలంకరణ ఎలా చేయాలో మీకు చెప్పమనండి.

- జనరల్ సర్జన్, హైదరాబాద్