వ్యాపారానికి ఏ ఫోన్, ఏ సిమ్? మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: సార్ నమస్తే, గుంటూరు మిర్చి యార్డులో మాది కమీషన్ కొట్టు. సీజన్లో వేలం టైముకి ఫోన్లో సిగ్నల్ గీతలు ఫుల్లుగానే ఉంటాయి గానీ కాల్ కలవదు, బయ్యర్‌కి ఫొటో పెడితే గుండ్రంగా తిరుగుతూనే ఉంటది, కోల్డ్ స్టోరేజీ లోపలికెళ్తే అసలు నెట్‌వర్కే ఉండదు. మా బావమరిది ఐఫోన్ కొనెయ్, అన్నీ సెట్టయిపోతాయి అంటున్నాడు. 20 వేల ఆండ్రాయిడ్ సరిపోద్దా, 70 వేలు పెట్టాలా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: బావమరిది మాట కాసేపు పక్కన పెట్టండి, ఆ 70 వేలు పెట్టినా వేలం టైముకి మీ పరిస్థితి ఇదే. గీతలు చెప్పేది టవర్ సిగ్నల్ ఎంత గట్టిగా అందుతోందో అంతవరకే, ఆ టవర్లో మీకు చోటుందో లేదో అవి చెప్పవు. ఫిబ్రవరి, మార్చిలో యార్డుకి రైతులు, హమాలీలు, బయ్యర్లు, లారీలోళ్లు అందరూ ఒక్కసారే దిగి అందరూ అదే గంటలో ఫోన్లు చేస్తారు, ఇంక ఏ ఫోనైతే ఏంటి, క్యూలో నిలబడాల్సిందే. అందుకే ముందు సిమ్ సంగతి తేల్చుకోండి, ఫోన్ తర్వాత.

వెంటనే పోర్ట్ (నంబర్ అదే ఉంచి కంపెనీ మారడం) కొట్టెయ్యకండి. ఇంకో కంపెనీది చిన్న ప్రీపెయిడ్ సిమ్ ఒకటి తీసుకుని రెండో స్లాట్‌లో వేసి, వేలం టైములో మీ కొట్టు దగ్గర, కాటా దగ్గర, కోల్డ్ స్టోరేజీ గుమ్మంలో ఓ వారం వాడి చూడండి. ఇంట్లో సోఫాలో కూర్చుని స్పీడ్ టెస్ట్ చేస్తే ఏం తెలుస్తుంది? కంపెనీల వెబ్‌సైట్లలో కవరేజ్ మ్యాపులు ఉంటాయి, అవీ చూడండి కానీ అందులో మన యార్డు రద్దీ కనపడదు. నన్నడిగితే చివరికి రెండు వేరే వేరే కంపెనీల సిమ్‌లు ఉంచుకోవడమే మేలు, ఒకటి కాల్స్‌కి, ఒకటి డేటాకి. రెండూ ఒకే కంపెనీవి పెట్టుకునేవాళ్లని చూస్తుంటా, అదెందుకో నాకు అర్థం కాదు.

ఇక పోర్ట్ కావాల్సిందే అని తేలితే ఇంగ్లీషులో PORT అని రాసి, ఖాళీ వదిలి, మీ నంబర్ రాసి 1900కి మెసేజ్ పెట్టాలి. వచ్చిన కోడ్ 4 రోజులే పనిచేస్తుంది, ఒకే టెలికాం సర్కిల్ (కంపెనీలు విడగొట్టుకున్న ప్రాంతం) లోపల మారడానికి 3 పనిదినాలు పడుతుంది. 2024 జులై నుంచి ఇంకో రూల్ వచ్చింది, సిమ్ పోయో పాడయ్యో కొత్తది తీసుకుంటే 7 రోజుల దాకా పోర్ట్ అవ్వదు. యూపీఐ యాప్ కూడా కొత్త సిమ్ చూసి మళ్లీ వెరిఫై అడగొచ్చు కాబట్టి ఈ పని మాత్రం యార్డు సెలవుల్లో పెట్టుకోండి.

కోల్డ్ స్టోరేజీ గోడలకి ఏ కంపెనీ సిగ్నలైనా కష్టమే. అక్కడ ఆఫీసు రూములో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేస్కోండి, టవర్ లేకపోయినా మీ మామూలు నంబర్ మీదే కాల్స్ వస్తాయి, పోతాయి. కాకపోతే ఫోనూ నెట్‌వర్కూ రెండూ దాన్ని సపోర్ట్ చెయ్యాలి, కొనేముందే అడగండి.

ఫోన్ విషయానికొస్తే 20-25 వేలది మీకు చాలు. కానీ మీ పనికి షాపువాడు చెప్పని విషయం ఒకటుంది, కెమెరా. బయ్యర్ మీ ఫొటోలో రంగు చూసే రేటు చెప్తాడు కదా, చాలా ఫోన్లు ఎరుపుని వాటంతటవే ఇంకా ఎర్రగా చేసేస్తాయి, తాలు (రంగు పోయిన) కాయ కూడా తేజ రకం మిర్చిలాగా మెరుస్తది. సరుకు దిగాక గొడవ మీకే. కాబట్టి షాపుకి గుప్పెడు కాయలు పట్టుకెళ్లి బయట ఎండ వెలుతురులో ఫొటో తీసి స్క్రీన్ పక్కన కాయ పెట్టి చూడండి (నవ్వితే నవ్వనివ్వండి), కెమెరాలో ఏఐ లాంటి ఆప్షన్ ఉంటే ఆపేసి మళ్లీ తీయండి, వాట్సాప్‌లో హెచ్‌డీ పెట్టి పంపండి. తర్వాత చూడాల్సింది దుమ్ము. కారం దుమ్ము స్పీకర్లోకీ ఛార్జింగ్ పెట్టే రంధ్రంలోకీ దూరుతుంది, ఫోన్ వివరాల్లో ఐపీ67 అని ఉంటే లోపలికి దుమ్ము పోదని అర్థం, ఐపీ54 అయితే కొంత పోతుంది. బ్యాటరీ 5000 ఎంఏహెచ్‌కి తగ్గకుండా, సర్వీస్ సెంటర్ గుంటూరులోనే ఉండేలా చూస్కోండి.

బిల్లు మాత్రం కొట్టు జీఎస్టీ నంబర్‌తో తీసుకోండి. ఫోన్ మీద జీఎస్టీ 18 శాతం, అంటే 20 వేల ఫోన్‌లో సుమారు 3,050 రూపాయలు పన్నే. అది క్రెడిట్‌గా వస్తుందేమో మీ ఆడిటర్‌ని అడగండి, జీఎస్టీలో చిన్న వ్యాపారుల కాంపోజిషన్ స్కీమ్‌లో ఉంటే మాత్రం రాదు.

ప్రశ్న: అన్నా నమస్తే, కరీంనగర్‌ల మాది మోటర్లు, పైపుల హోల్‌సేల్. ఊర్లు తిరిగి ఆర్డర్లు తెచ్చే పిల్లగాడు నాలుగేండ్లు చేసిండు, రీఛార్జ్ మేమే ఏసినం. ఇప్పుడు వేరే దుకాణంల చేరిండు, కస్టమర్లందరు ఆ నంబర్‌కే ఫోన్ చేస్తున్నరు. ఆ సిమ్ వాపస్ తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: సిమ్ ఎవరి ఆధార్ మీద తీసుకున్నారో వాళ్లదే అన్నా, రీఛార్జ్ ఎవరేశారన్నది లెక్కలోకి రాదు. అతని పేరు మీద ఉంటే మంచిగా మాట్లాడి ఇద్దరూ స్టోర్‌కి వెళ్తే పేరు మార్పించుకోవచ్చు. అతను ఒప్పుకోకపోతే గొడవలో టైం పోగొట్టుకోకండి, మీ బిల్లు పుస్తకాల్లో కస్టమర్ల నంబర్లు ఉంటాయి కదా, ఇయ్యాల్నే కూర్చుని ఒక్కొక్కరికి ఫోన్ చేసి దుకాణం నంబర్ చెప్పండి, మెసేజ్ పెడితే సగం మంది చదవరు.

ఇకమీద దుకాణం నంబర్ ఒకటి మీ పేరు మీదే ఉంచి అందులో వాట్సాప్ బిజినెస్ వేసి ఆ ఫోన్ గల్లాపెట్టె దగ్గరే పెట్టండి. పనిచేసే పిల్లలకి లింక్డ్ డివైస్‌గా (అదే వాట్సాప్ వాళ్ల ఫోన్లోనూ తెరుచుకునేలా) ఇవ్వండి, 4 దాకా లింక్ అవుతాయి, పని మానేసిన రోజు లాగౌట్ కొట్టేస్తే అయిపోతుంది. వాట్సాప్‌లో పెట్టే టూ స్టెప్ పిన్, దానికిచ్చే ఈమెయిల్ మీవే ఉండాలి. బయట తిరిగేవాళ్లకి సిమ్‌లు కూడా కావాలంటే మీ ఆధార్ మీద తీసి పంచకండి, వాటితో ఎవరేం చేసినా ముందు అడిగేది మిమ్మల్నే, పైగా ఒకరి పేరు మీద 9కి మించి ఉండకూడదు. ఫర్మ్ పేరు మీద బిజినెస్ కనెక్షన్లు తీసుకోండి, వాడే ప్రతి మనిషికీ కేవైసీ చేస్తారు, నంబర్ మాత్రం ఫర్మ్‌దే. మీ పేరు మీద ఇప్పటికే ఎన్ని ఉన్నాయో టెలికాం శాఖ వారి సంచార్ సాథీ సైట్లో ఉచితంగా కనపడుతుంది, తెలియనివి ఏమన్నా ఉంటే అక్కడే రిపోర్ట్ చెయ్యొచ్చు.

ప్రశ్న: అరకు దగ్గర చిన్న హోమ్‌స్టే మాది. మా ఊళ్లో బీఎస్ఎన్ఎల్ 4జీ వచ్చిందన్నారు, నా పాత బీఎస్ఎన్ఎల్ సిమ్‌లో ఏమీ రావట్లేదండి. ఫోన్ మార్చాలా?
– ఒక పాఠకురాలు, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: ముందు సిమ్ మార్చి చూడండమ్మా. పాత సిమ్ 3జీదై ఉంటుంది, ఆధార్ పట్టుకుని కస్టమర్ సర్వీస్ సెంటర్‌కి వెళ్తే అదే నంబర్‌తో 4జీ సిమ్ ఇస్తారు. అప్పటికీ రాకపోతే ఫోన్ స్పెసిఫికేషన్లలో బ్యాండ్ 28 ఉందో లేదో చూడండి, బీఎస్ఎన్ఎల్ 4జీ ఎక్కువగా 700, 2100 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది, కొండల్లో దూరం పోయేది ఆ 700, దానికే ఈ బ్యాండ్ 28 కావాలి, చాలా పాత ఫోన్లలో ఇది ఉండదు. సిమ్ మార్చాక 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు, ఓటీపీలూ రావు, అందుకని శుక్రవారం మార్చకండి, వీకెండ్ బుకింగ్ డబ్బులు ఇరుక్కుంటాయి.