రెండు ఎస్‌ఎన్‌సీయూల మరణాల శాతాన్ని పోల్చే పద్ధతి

నమస్కారమండీ. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లోని రెండు ఎస్‌ఎన్‌సీయూలలో (జబ్బుపడిన, బరువు తక్కువ నవజాత శిశువుల ప్రత్యేక చికిత్సా విభాగాలలో) ఒకచోట మరణాల శాతం ఎక్కువగా ఉన్నందున అక్కడ వైద్యం నాసిగా ఉందని మీ పీజీ థీసిస్‌లో రాయవచ్చా అని అడిగారు. ఆ ఒక్క అంకెతో అలా రాయకూడదు.

ముందుగా ఆ ఆసుపత్రిలోనే పుట్టిన శిశువులను, బయటినుంచి తెచ్చినవారిని వేరు చేయండి. దేవరకొండ, అచ్చంపేట వైపునుంచి అంత దూరం ప్రయాణించి వచ్చే బిడ్డ దారిలోనే ఒళ్లు చల్లబడి, రక్తంలో చక్కెర తగ్గి చేరే ప్రమాదం ఉంటుంది కనుక, ఆ ఫలితాన్ని వార్డు వైద్యానికి మాత్రమే ఆపాదించడం న్యాయం కాదు. తర్వాత పుట్టిన బరువును బట్టి 1,500 గ్రాముల లోపు, 1,500 నుంచి 2,499, ఆపైన అని విభజించి పోల్చండి.

అసలు చిక్కు మరొకటి ఉంది. హైదరాబాదుకు రిఫర్ చేసినవారు, వైద్యుల సలహా కాదని తీసుకెళ్లినవారు మరణాల లెక్కలోకి రారు. కాబట్టి ఎక్కువగా రిఫర్ చేసే ఆసుపత్రే మెరుగ్గా కనిపిస్తుంది (నా దృష్టిలో థీసిస్‌ను పరీక్షించేవారు మొదట అడిగే ప్రశ్న ఇదే). అందుకే ఎథిక్స్ కమిటీ అనుమతితో తల్లిదండ్రులకు ఫోన్ చేసి, 28వ రోజున బిడ్డ స్థితిని నమోదు చేయండి. 2021లో వెలువడిన కంగారూ మదర్ కేర్ అధ్యయనం కూడా 28 రోజుల మరణాలనే లెక్కించి, తక్కువ బరువుతో పుట్టినవారిలో, పుట్టగానే తల్లి గుండెకు హత్తుకున్న శిశువుల్లో 12.0 శాతం, మామూలు పద్ధతిలో 15.7 శాతం అని చూపింది.