ట్రావెల్ ట్రైలర్ పైకప్పు కారుతుంటే ఏం చేయాలి?

ప్రశ్న: మేము నిరుడు పాత ట్రావెల్ ట్రైలర్ (కారు వెనుక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు) ఒకటి కొన్నాము. పైకప్పు తెల్లని రబ్బరు షీటు. పెద్ద వాన పడినప్పుడల్లా మంచం పక్క గోడ తడుస్తోంది. కప్పు మొత్తానికి సిలికాన్ పూయిస్తే సరిపోతుందని ఒకరు చెప్పారు. అలా చేయవచ్చా?
– ఒక పాఠకుడు, ఆస్టిన్, టెక్సస్

జవాబు: దయచేసి సిలికాన్ జోలికి వెళ్లకండి. అది ఒకసారి అంటుకుంటే పూర్తిగా వదలదు, ఆ తర్వాత దాని మీద మరే సీలెంట్ (నీరు దిగకుండా అతుకులు మూసే జిగురు లాంటి పదార్థం) సరిగా పట్టదు. పైగా నీరు దిగేది చాలావరకు షీటులోంచి కాదు. గాలి గొట్టాలు, స్కైలైట్, యాంటెన్నా వంటివాటి కోసం షీటుకు రంధ్రాలు చేసిన చోట్ల, ముందు వెనుక అంచుల అతుకుల్లో సీలెంట్ ఎండకు ఎండి పగిలినప్పుడే దిగుతుంది. లోపల తడిసిన చోటికి సరిగ్గా పైనే చిల్లు ఉంటుందని అనుకోవద్దు. నీరు షీటు కింది ప్లైవుడ్ మీదుగా, చట్రం వెంట పాకి, దూరాన ఎక్కడో బయటపడుతుంది.

కప్పు పొడిగా ఉన్న రోజున, బరువు ఒకేచోట పడకుండా ప్లైవుడ్ పలక పరిచి, దాని మీద మోకాళ్లపై కూర్చుని ప్రతి అతుకునూ చేత్తో తడిమి చూడండి. వెంట్రుకవాసి పగులు కనిపించినా, సీలెంట్ అంచు గోటితో లేస్తున్నా నీటికి ఆ దారి చాలు. తడి నల్లగుడ్డతో షీటును రుద్దితే తెల్లని పొడి అంటుకుంటే అది ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు కావచ్చు. పొడి రాలడం ఆ రబ్బరుకు సహజమే. దాన్ని పెట్రోలు, కిరోసిన్ వంటి ద్రావకాలతో తుడిస్తే ఉబ్బి పాడవుతుంది కనుక తేలికపాటి సబ్బునీరు, మెత్తని బ్రష్షు మాత్రమే వాడండి.

గట్టిగా పట్టుకుని ఉన్న పాత సీలెంట్‌ను పెకలించనక్కర్లేదు. ఊడుతున్నంత మేరకు ప్లాస్టిక్ స్క్రేపర్‌తో తీసి, శుభ్రపరచి, బాగా ఆరనిచ్చి, మీ షీటుకు సరిపడే, కప్పు అతుకుల మీద వేసే ల్యాప్ సీలెంట్‌ను స్క్రూల తలలు, ఫ్లాంజి (గొట్టాలు, స్కైలైట్ చుట్టూ కప్పుకు ఆనే పట్టీ) అంచులు మునిగేలా వేయండి. సమతలం మీద తనంతట తాను పరుచుకునే రకం, నిలువు అంచులకు జారని రకం కావాలి. కప్పు మీది ఏసీకి మాత్రం చుట్టూ సీలెంట్ పూయకూడదు. దాని కింద నీరు దిగకుండా ఆపే నురుగు పట్టీ (గ్యాస్కెట్) ఉంటుంది. అది అణిగిపోతే మార్చడమే మార్గం.

ఒత్తితే కప్పు ఎక్కడైనా మెత్తగా కుంగితే కింది ప్లైవుడ్ కుళ్లిందని అర్థం. అప్పుడు పైపూత ఏదైనా తడిని లోపలే బంధిస్తుంది కనుక ముందు ఆ భాగాన్ని విప్పించి చెక్క మార్పించండి. అతుకులను కనీసం 6 నెలలకోసారి, వడగళ్ల వాన పడ్డాక తప్పకుండా పరీక్షించండి.