మడ ఆకుల లోపల శిలీంధ్రాలు ఉంటాయంటున్నారు. అది చెట్టుకు జబ్బా? డిగ్రీ ప్రాజెక్టుగా వాటిని వేరుచేయవచ్చా?

జబ్బు కాదు. వేరుచేయవచ్చు. పొట్టి జవాబు ఇంతే. అయితే రెండో మాట వెనక నేను ఎమ్మెస్సీలో పోగొట్టుకున్న రెండు నెలలు ఉన్నాయి, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

నా నమూనాలు కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవిలోవి. అది అభయారణ్యం. అటవీశాఖ అనుమతి లేకుండా ఒక్క ఆకు కూడా తెంపకూడదు, కాబట్టి ఆ కాగితం పని ముందే మొదలుపెట్టండి. పోటు మీద పాయలోకి వెళ్లి, నీరు తీసేలోపు బయటపడేవాళ్లం. తెల్ల మడ, ఉప్పు పొన్న, తిల్ల అనే మూడు చెట్లు ఎంచుకున్నాను. తిల్ల కొమ్మ మీద చేయి వేయబోతుంటే పడవ నడిపే బాబాయి గట్టిగా కేక వేశాడు. "ఆగమ్మా! ఆ పాలు కంట్లో పడితే చూపు పోతుంది" అన్నాడు. నిజమే, ఆ చెట్టు పాలు కళ్లకు అంత ప్రమాదం. తొడుగులు, కళ్లద్దాలు లేకుండా దాని జోలికి పోవద్దు.

ఇక ప్రయోగశాల సంగతి. ఆకును కుళాయి నీటిలో కడిగి, అర సెంటీమీటరు ముక్కలుగా కోసి, 70 శాతం ఆల్కహాల్‌లో 5 సెకన్లు, ఆకు పైనున్న సూక్ష్మజీవులు చావడానికి 4 శాతం సోడియం హైపోక్లోరైట్‌ (బ్లీచు ద్రవం)లో 90 సెకన్లు ముంచి, సూక్ష్మజీవులు లేని నీటితో కడిగి, బంగాళాదుంప రసం, డెక్స్‌ట్రోజ్ అనే చక్కెర కలిపిన అగర్ (జెల్లీ లాంటి పదార్థం) పోసిన పళ్లెం మీద పెట్టాలి. బ్యాక్టీరియా రాకుండా అందులో యాంటీబయాటిక్ కలుపుతారు. చదివితే వంటల పుస్తకంలా తేలిగ్గా ఉంటుంది. నేనూ అలాగే చేశాను. నాలుగో రోజుకల్లా తెల్ల మడ ముక్కలన్నిటి చుట్టూ నల్లటి బూజు పొంగింది. ఎంత సంబరపడ్డానో! పళ్లేలన్నీ మోసుకెళ్లి మా మేడమ్‌కు చూపించాను. ఆవిడ ఒకే ప్రశ్న వేశారు: "ఇది ఆకు లోపలిదే అని నీకెలా తెలుసు?"

నా దగ్గర జవాబు లేదు. మీ ప్రాజెక్టు మొత్తం నిలబడేది ఈ ప్రశ్న మీదే. ఆకు పైన గాలిలోంచి, నీటిలోంచి వచ్చిపడిన సిద్ధబీజాలు కోకొల్లలు. అవి చావకుండా మిగిలితే మీకు దొరికేది ఆకు మీది దుమ్మే తప్ప లోపలి శిలీంధ్రం కాదు. పరీక్ష తేలికే. శుద్ధి చేసిన ముక్కను ఒక ఖాళీ అగర్ పళ్లెం మీద వేలిముద్ర వేసినట్టు అద్ది తీసేయాలి. చివరిసారి కడిగిన నీటిని కూడా ఇంకో పళ్లెంలో పోసి చూడాలి. ఆ రెండింటిలో ఏమీ మొలవకపోతేనే మీ ముక్కలోంచి వచ్చింది లోపలిది. నా అద్దుడు పళ్లెంలో అదే నల్లబూజు విరగకాసింది.

తప్పు రెండు చోట్ల ఉంది. హైపోక్లోరైట్ సీసా ఎప్పటిదో; నిలవ ఉంటే దాని బలం తగ్గిపోతుందని నాకు తట్టలేదు. రెండోది తెల్ల మడ ఆకు స్వభావం. దాని అడుగున తెల్లటి నూగు దట్టంగా ఉంటుంది. ఆకు బయటికి తోసేసే ఉప్పు, దుమ్ము, సిద్ధబీజాలు అన్నీ అందులో ఇరుక్కుంటాయి. సరేనని కొత్త సీసా తెచ్చి, కసికొద్దీ ఎక్కువసేపు ముంచాను. ఈసారి ముక్కలు తెల్లగా పాలిపోయాయి. మూడు వారాలైనా ఏదీ మొలవలేదు. లోపలివాటిని కూడా చంపేశానన్నమాట! చివరికి ఒక్కో చెట్టు ఆకుకు ఒక్కో వ్యవధి విడిగా పరీక్షించి తేల్చుకోవలసి వచ్చింది.

అలా తేల్చుకున్నాక ఉప్పు పొన్న ముక్కల కోసిన అంచుల నుంచి సన్నటి తంతువులు బయటికి పాకడం చూశాను. తొందరపడి మొదటి వారంలోనే పళ్లేలు పారేయకండి. నిదానంగా పెరిగేవి మూడో వారంలో గానీ తల ఎత్తవు, ఈలోగా వేగంగా పెరిగేవి వాటిని కప్పేస్తాయి. తంతువు కనబడిన వెంటనే వేరే పళ్లెంలోకి మార్చేయాలి. నాకు ఫిల్లోస్టిక్టా, పెస్టలోషియోప్సిస్, కొల్లెటోట్రైకమ్ అనే శిలీంధ్రాలు వచ్చాయి. కొన్ని ఎన్నాళ్లు పెంచినా సిద్ధబీజాలు పెట్టలేదు. అలాంటివాటికి సూక్ష్మదర్శిని చాలదు, డీఎన్ఏ చూడాల్సిందే.

కొల్లెటోట్రైకమ్ పేరు వినగానే మీ మొదటి ప్రశ్న మళ్లీ లేస్తుంది. మిరపలో కాయకుళ్లు తెచ్చేవి ఆ ప్రజాతివే కదా? అవును. కానీ నేను కోసిన ఆకు మీద ఒక్క మచ్చ లేదు. పచ్చగా ఉన్న ఆకులో ఇవి అణిగిమణిగి ఉంటాయి. ఆకు ముదిరి రాలాక వాటిలో కొన్ని కుళ్లబెట్టే పనికి దిగుతాయి. ముందునుంచే లోపల కూర్చున్నాయి కాబట్టి బయటివాటికన్నా వాటిదే ముందడుగు. ఆ కుళ్లిన ఆకే పీతలకు, రొయ్య పిల్లలకు తిండి. కొన్ని శిలీంధ్రాలు చెట్టుకు మేలు చేస్తాయని కూడా అంటారు. అయితే ఆకులో దొరికినంత మాత్రాన మేలు చేస్తున్నట్టు కాదు, కాబట్టి "మేలు చేస్తాయి" అని మీ నివేదికలో రాయకండి.

వీటిలో చాలావరకు విత్తనంతో రావు, బయటినుంచి చేరతాయి. అందుకే లేత ఆకులో తక్కువ, ముదురు ఆకులో ఎక్కువ. తమిళనాడులోని పిచ్చావరం మడ అడవిలో చెన్నై శాస్త్రవేత్తలు చేసిన పనిలో వానాకాలంలో ఇవి ఎక్కువగా దొరికాయి. ఏప్రిల్‌లో వెలవెలబోయిన నా పళ్లేలు అక్టోబరులో నిండిపోయాయి. మీరు ఎండాకాలం మాత్రమే చూసి "కోరింగలో తక్కువ" అని తేల్చేయకండి.

కేన్సర్ మందు ఆశ ఎవరైనా పెడితే కాస్త ఆగండి. 1993లో పసిఫిక్ యూ చెట్టులోని శిలీంధ్రం టాక్సాల్ అనే కేన్సర్ మందును తయారుచేస్తుందని ప్రకటించినప్పటి నుంచి అందరికీ ఈ మోజు పట్టుకుంది. అందులో దొరికింది లీటరుకు నానోగ్రాముల్లోనే, అంటే లెక్కలోకి రానంత తక్కువ. పళ్లెంలో కేన్సర్ కణాలను చంపిన ప్రతిదీ మందైతే నా పాత హైపోక్లోరైట్ సీసా కూడా మందే.

మీకు ఒక్క సెమిస్టరే ఉంది కాబట్టి ఉప్పు పొన్నతో మొదలుపెట్టండి. ఆకు నున్నగా, మందంగా ఉంటుంది, శుద్ధికి తట్టుకుంటుంది. కోసిన మర్నాటికల్లా పళ్లెం ఎక్కించండి. తెల్ల మడ నూగుతో కుస్తీ పీజీకి వచ్చాక పడవచ్చు.