తాతగారి యాషికాతో కొండల ఫొటోలు: మొదటి రోలు తలకోనకు మాత్రం వద్దు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: తాతగారి ట్రంకుపెట్టెలో యాషికా ఎలక్ట్రో 35 జీఎస్‌ఎన్ అనే పాత ఫిల్ము కెమెరా దొరికింది. తిరుపతిలో చదువుకుంటున్నారు. అది రేంజ్‌ఫైండర్ కాబట్టి కొండలకూ అడవులకూ పనికిరాదని మీ స్నేహితుడు తేల్చేశాడు. వచ్చే ఆదివారం తలకోనకు తీసుకెళ్ళాలా, షోకేసులో పెట్టాలా అని అడిగారు.

తీసుకెళ్ళండి, తప్పకుండా తీసుకెళ్ళండి. కానీ మొదటి రోలు తలకోనలో ఖర్చు పెట్టొద్దు. ఆ తప్పు నేను చేసి ఉన్నాను.

నా దగ్గరున్నదీ అదే మోడలు. చిత్తూరులో స్టూడియో నడిపిన మా మేనమామ షాపు ఎత్తేసేటప్పుడు "ఒరే అల్లుడూ, పెళ్ళిళ్ళు దీంతో తీయలేం గానీ కొండలు తీసుకో పో" అని చేతిలో పెట్టాడు. వాడడం చెప్పలేదు, నేనూ అడగలేదు. హెచ్‌పీ5 అనే నలుపు తెలుపు ఫిల్ము రోలు ఒకటి వేసుకుని నేరుగా తలకోనకు పోయినాను. చెక్‌పోస్టు దాటి నడక మొదలైనప్పటి నుంచీ తీస్తానే ఉన్నాను: చెట్ల ఊడలు, రాళ్ళ మధ్య నీళ్ళు, దూరంగా జలపాతం. తిరిగి వస్తుంటే ఎదురొచ్చిన పదేళ్ల పిల్లోడు నిలబడి చూసి, "అన్నా, మూత తీయలే" అన్నాడు. అప్పటికి 22 ఫొటోలు అయిపోయినాయి.

నవ్వుకోండి గానీ, రేంజ్‌ఫైండర్ అంటే ఏమిటో నాకు ఆ మూతే నేర్పింది. ఎస్‌ఎల్‌ఆర్‌లో, అంటే లోపల అద్దం ఉండే కెమెరాలో, మనం లెన్సు గుండా చూస్తాం, మూత ఉంటే చీకటి కనబడుతుంది. ఇందులో చూసేది పక్కనున్న చిన్న కిటికీ గుండా. లెన్సుకు మూత ఉన్నా, వేలు అడ్డం పడినా, కిటికీలో లోకం తళతళలాడుతూనే ఉంటుంది. పైగా ఎలక్ట్రోలో వెలుతురు కొలిచే కన్ను లెన్సు మీద కాదు, కెమెరా ఒంటి మీద ఉంటుంది. కాబట్టి మూత ఉన్నా మీటరు కిక్కురుమనదు. కానన్ క్యానొనెట్ జీ3 లాంటి వాటిలో ఆ కన్ను లెన్సు చుట్టూ ఉండే రింగులోనే ఉంటుంది, అక్కడైతే కనీసం మీటరైనా మొరాయించేది. ఆ రోజు నుంచీ నా మూత బీరువాలో ఉంది. లెన్సుకు 55 మిల్లీమీటర్ల యూవీ ఫిల్టరు ఒకటి బిగించి వదిలేశాను.

మూత తీసి ఉన్నా తలకోన మీకు మొదటిరోజే లొంగదు. 270 అడుగుల ఎత్తు నుంచి నీళ్ళు పడే చోటు అది. కింద గుండం దగ్గర నిలబడితే ఈ కెమెరాకున్న 45 మిల్లీమీటర్ల లెన్సులో పైనుంచి కిందిదాకా పట్టదు, వెనక్కి జరిగితే చెట్లు అడ్డం. లోయంతా నీడ, పైన ఆకాశం మాత్రం తెల్లగా మండుతూ ఉంటుంది. ఆ రెంటినీ ఒకే ఫొటోలో ఇమడ్చాలంటే అనుభవం కావాలి. లెన్సు మార్చడానికి మన కెమెరాలో వీల్లేదు. మీ స్నేహితుడి మాటలో నిజం ఇంతవరకే. 0.8 మీటర్ల కన్నా దగ్గరికి ఫోకస్ కాదు కాబట్టి ముందు అడవిపువ్వు, వెనక కొండ అనే రకం ఫొటోలూ మర్చిపోవాలి.

ఇక లాభం. కిటికీలో ఫొటో హద్దులు చూపిస్తూ మెరిసే గీతల బయట ఏముందో కూడా కనబడుతుంది. చెరువు కట్ట మీద సైకిలాయన గీతల్లోకి రాకముందే మీకు తెలుస్తుంది, ఎక్కడికి రాగానే నొక్కాలో ఆగి చూడొచ్చు. నొక్కిన క్షణంలో కళ్ళ ముందు నల్లబడదు. లోపల ఎగిరే అద్దం లేదు కాబట్టి అదురు తక్కువ. ఊపిరి బిగబట్టి 1/15 సెకనులో కూడా చేత్తోనే తీసిన ఫొటోలు నా దగ్గర చాలా ఉన్నాయి. బరువు సుమారు ముప్పావు కిలో, మెడలో వేసుకుని శ్రీవారి మెట్టు ఎక్కినా భారం అనిపించదు. ఖరీదైన లైకా కెమెరా లేకపోతే రేంజ్‌ఫైండరే కాదనే పెద్దమనుషులు మీకు తప్పక తగులుతారు. వాళ్ళతో వాదించకండి, టైము దండగ.

రోలు వేసే ముందు మూడు పరీక్షలు చేయండి. ఒకటి బ్యాటరీ. తాతగారి కాలంలో దీనికి పీఎక్స్32 అనే 5.6 వోల్టుల పాదరసం బ్యాటరీ వేసేవారు, ఇప్పుడది రాదు. 6 వోల్టుల 4ఎల్‌ఆర్44 తెచ్చి, మిగిలిన ఖాళీలో ఒక స్ప్రింగు, వంటింట్లో వాడే రేకు చుట్టి పెడితే సరిపోతుంది. బ్యాటరీ చచ్చినా ఈ కెమెరా క్లిక్‌మంటుంది, మోసపోవద్దు. అప్పుడది ప్రతి ఫొటోనూ 1/500లోనే తీస్తుంది. దారిలో బ్యాటరీ పోయిందా, 400 స్పీడు ఫిల్మును నిండు ఎండలో లెన్సు రంధ్రాన్ని బాగా చిన్నది చేసే ఎఫ్16 దగ్గర పెట్టి తీసేయండి, దాదాపు సరిగ్గానే వస్తుంది. నాకొకసారి హార్సిలీ కొండ మీద పనికొచ్చిన చిట్కా ఇది. రెండోది, రీలు తిప్పే మీట లాగినప్పుడు లోపల 'టక్' అని వినబడాలి. వినబడలేదంటే లోపలి చిన్న రబ్బరు ముక్క పాడైపోయిందని అర్థం, ఎక్స్‌పోజరు నమ్మేందుకు లేదు, మెకానిక్కుకు చూపించాలి.

మూడోది ఫోకస్. దీనికి తిరుపతిలో ఉన్నవాళ్ళంత అదృష్టవంతులు ఎక్కడా లేరు. రాత్రి మేడ ఎక్కండి. లెన్సును అనంతం గుర్తు దాకా తిప్పి, కొండ మీద గాలిగోపురం దగ్గర వెలిగే నామాన్ని కిటికీలో చూడండి. నడిమి పసుపు మచ్చలో కనబడే రెండు నామాలూ ఒకటైపోవాలి. పక్కపక్కన రెండుగా కనబడితే కిటికీ లోపలి చిన్న అద్దం జరిగిందన్నమాట, దూరపు కొండలన్నీ మసకగా వస్తాయి. నాకది తెలియక రెండు రోలులు పాడయ్యాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కొండల ఫొటోలో కెమెరా వంతు తక్కువ, ఏ నెలలో తీశామన్నదాని వంతు ఎక్కువ. తిరుపతికి కొండలు ఉత్తరాన ఉన్నాయి. ఊరి వైపు తిరిగిన ఆ ఎర్రటి రాతిగోడ ముఖం దక్షిణానికి. డిసెంబరు, జనవరి నెలల్లో సూర్యుడు దక్షిణంగా, వాలుగా నడుస్తాడు. పొద్దున ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా, మళ్ళీ సాయంత్రం నాలుగు తర్వాత, ఆ రాతి పొరలన్నీ ఒక్కొక్కటే లేచి నిలబడతాయి. ఒక గీత కింద నీడ, ఇంకో గీత మీద వెలుగు. అదే జూన్‌లో చూడండి, మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి కొంచెం ఉత్తరానికి ఒరుగుతాడు, కొండ తన నీడలో తానే చప్పగా కూర్చుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో పొగమంచులాంటి దుమ్ము. అక్టోబరు నుంచి పడే వానలు మన జిల్లాకు ప్రాణం. వాన వెలిసిన మర్నాడు గాలి కడిగినట్టుంటుంది. నా దగ్గర గోడకు తగిలించదగ్గవి ఏడు ఫొటోలుంటే, ఐదు అలా వాన మర్నాడు తీసినవే.

ఆ రాతిగోడ కథ కూడా తెలుసుకుని చూస్తే కన్ను ఆగే చోటు మారుతుంది. కింద ఉన్నది అతి పురాతనమైన గ్రానైటు. దాని మీద పొరలు పొరలుగా పేరుకున్నది ఇసుకరాయి, అది గట్టిపడి మారిన క్వార్ట్‌జైటు. రెంటికీ మధ్య కోట్ల సంవత్సరాల ఖాళీ. తిరుమల ఘాట్ రోడ్డులో ఆ రెండూ కలిసే చోటును జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించారు. బండి ఆపి తీయడానికి అక్కడ కుదరదు. చంద్రగిరి వైపు పొలాల్లో నిలబడి దూరం నుంచి తీస్తే ఆ పొరల గీతలు ఇంకా బాగా వస్తాయి.

నలుపు తెలుపు ఫిల్ములో ఆ ఎర్రరాయికి ఎరుపు ఫిల్టరు పెడితే రాయి తెల్లబడి, నీలాకాశం నల్లబడి, చెట్లు కూడా నల్లగా దిగుతాయి. నాకది అతిగా అనిపించి నారింజ రంగు ఫిల్టరు దగ్గర ఆగిపోయాను. ఇక్కడే ఇంకో గుంత ఉంది. కన్ను లెన్సు బయట ఉంది కదా, ఫిల్టరు వెలుతురు తగ్గించిన సంగతి మీటరుకు తెలియదు. మీరే చెప్పాలి. 400 ఫిల్ముకు పసుపు ఫిల్టరైతే ఫిల్ము స్పీడు చెప్పే ఏఎస్‌ఏ చక్రం 200 మీద, ఎరుపైతే 50 మీద పెట్టండి. ఫిల్టరు తీసేయగానే మళ్ళీ 400కు తిప్పాలి. ఆ తిప్పడం నేను ఎన్నిసార్లు మర్చిపోయానో లెక్కలేదు.

ఫోకస్ కోసం ప్రతిసారీ పసుపు మచ్చతో కుస్తీ పట్టొద్దు. ఎఫ్11 పెట్టి, దూరం ఆరు మీటర్ల కాస్త అవతలికి తిప్పి ఉంచితే, సుమారు మూడు మీటర్ల నుంచి కొండ శిఖరం దాకా స్పష్టంగా వస్తుంది. ఇక చూడటం, నొక్కడం రెండే పనులు.

ఈ లెన్సుకు తగిన భూమి నా లెక్కలో జలపాతాలు కాదు, పడమటి మండలాల గుట్టలు. పలమనేరు, పుంగనూరు, మదనపల్లె వైపు పోతే గుండ్రాళ్ళ మీద గుండ్రాళ్ళు, కింద చెనిక్కాయ చేను, టమోటా తోట, మధ్యలో ఒక చింతచెట్టు. దేన్నీ సాగదీయకుండా, కుదించకుండా మన కంటికి కనబడినట్టే చూపించే లెన్సు 45. అంతటి భూమికి అంతే చాలు. చిత్తూరు చుట్టూ చలికాలంలో బెల్లం వండే గానుగల పొగ పొలాల మీద పరుచుకుంటుంది, అదొక్కటే ఒక రోలు తినేస్తుంది.

పలమనేరు అడవంచున ఒక జాగ్రత్త. అది కౌండిన్య అభయారణ్యం పక్క, ఏనుగులు తిరిగే చోటు. ఒకరోజు తెల్లవారుజామున గుట్ట ఎక్కబోతుంటే, చేలో కాపలా ఉన్న పెద్దాయన టార్చి వేసి, "యాడికి నాయనా పోతా ఉండేది? రాత్రి ఏనుగులు దిగిండాయి, పొద్దెక్కినాక పో" అన్నాడు. ఆయన పక్కనే మంట దగ్గర కూర్చున్నాను. వెలుతురొచ్చాక చూస్తే అరటి తోట ఒక మూల నేలకు పరుచుకుని ఉంది. ఆ రోజు గుట్ట ఎక్కలేదు, ఆ తోటను తీయడానికీ చేయి రాలేదు.

అడవి అంటే అనుమతి సంగతి కూడా. తలకోన శ్రీవేంకటేశ్వర జాతీయ వనంలో ఉంది. టికెట్టు కొని అందరూ నడిచే దారిలో నడిచినంతవరకు ఇబ్బంది లేదు. దారి దిగి లోపలికి పోవాలన్నా, పెద్ద ఎత్తున ఫొటోలు తీయాలన్నా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అటవీశాఖ అనుమతి కావాలి. ఎర్రచందనం దొంగల పుణ్యమా అని శేషాచలంలో సంచి తగిలించుకున్న ఎవణ్ణి చూసినా సిబ్బందికి అనుమానమే, వాళ్ళను తప్పు పట్టలేం. ఒకసారి నా సంచి వెతికి ఫిల్ము డబ్బాలు పట్టుకుని, "వీటిలో ఏముండాది సార్?" అని రీలు బయటికి లాగబోయారు. కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. ఇప్పుడు డబ్బాల పక్కన పాత నెగెటివ్ ముక్క ఒకటి పెట్టుకుంటున్నా, చూపించగానే అర్థమైపోతుంది.

అలిపిరిలో సంచులు స్కానర్‌లోకి పోతాయి. 400 ఫిల్ము ఒకటి రెండుసార్లు పోయినా నాకెప్పుడూ మచ్చ పడలేదు. 3200 ఫిల్మైతే మాత్రం చేత్తో చూడమని అడగండి.

ఫిల్ము కడగడం గురించి రెండే మాటలు. నలుపు తెలుపు ఇంట్లోనే కడుక్కోవచ్చు. పుస్తకాల్లో లెక్కలన్నీ 20 డిగ్రీల నీళ్ళకు, మే నెలలో మన కుళాయి నీళ్ళు వాటంతట అవే కాగి వస్తాయి. బకెట్లో ఐస్ వేసి అందులో సీసాలు నిలబెట్టండి, లేదా ఎండాకాలం రోలులు దాచుకుని వానల్లో కడగండి. నేను రెండోదే చేస్తాను, బద్ధకం.

కాబట్టి వచ్చే ఆదివారం తలకోన కాదు, రాయలచెరువుకు పోండి. తిరుపతికి దగ్గర, చుట్టూ కొండలు, పొడవాటి కట్ట. 2021 నవంబరు వానలకు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్ళు ఖాళీ చేయించింది ఈ చెరువు దగ్గరే. ఏడు గంటలకల్లా కట్ట మీద ఉండండి. ఒకే చోట నిలబడి పది ఫొటోలు తీయండి: ఫిల్టరు లేకుండా, ఫిల్టరుతో, ఎఫ్5.6లో, ఎఫ్11లో, మనిషి ఉన్నప్పుడు, లేనప్పుడు. ప్రతిదానికీ చీటీలో రాసుకోండి. మిగిలిన 26 మీ ఇష్టం. రోలు కడిగించాక ఆ చీటీతో పాటు ఇక్కడ పెట్టండి, ఏది ఎందుకు చెడిందో కూర్చుని చూద్దాం.